పిట్ట కన్ను దాటని మాక్రో లెన్స్ గారికి

మహారాజశ్రీ 100 ఎం.ఎం. మాక్రో లెన్స్ గారి సముఖమునకు, కాజీపేట నుండి మీ యజమాని వ్రాసుకొను విన్నపము. కొన్న రసీదులో నా పేరే ఉన్నది కనుక యజమాని అంటున్నాను. నిన్న మధ్యాహ్నం ఎవరు ఎవరికి ఊడిగం చేశారో తమకు తెలియనిది కాదు.

చిన్న వస్తువులను అతి దగ్గరినుంచి పెద్దగా చూపే లెన్స్ కదా అని, పెళ్లిళ్లలో ఉంగరాలు, మట్టెలు తీయడానికి తమను తెచ్చుకున్నాను. మిత్రుని తండ్రి, నేను పెదబాపు అని పిలిచే పెద్దమనిషి, తాతల నాటి పన్నెండు బోర్ జంట గొట్టాల తుపాకీని ఎన్నికల కోసం ఠాణాలో అప్పగించే లోపల దాని నగిషీలు ఫోటో తీసిపెట్టమన్నారు. తమ గొప్పలు చెప్పి నోరు జారింది నేనే. "వెంట్రుక మందం కూడా చూపిస్తుంది పెదబాపూ" అన్నాను. తమరు వెంట్రుక మందమే చూపించారు, అంతకు మించి చూపించలేదు.

ఆయన తుపాకీని కీలు దగ్గర మడిచి తెరిచి, ఖాళీ గొట్టాల గుండా కిటికీ వెలుగు నాకు చూపించి, తెల్లగుడ్డ పరచిన బల్లమీద పెట్టారు. పక్క రేకుమీద గడ్డిలోంచి లేస్తున్న కౌజు పిట్ట ఒకటి చెక్కి ఉన్నది. ఒకటికి ఒకటి నిష్పత్తిలో, అంటే వస్తువు అసలు సైజులోనే కెమెరా సెన్సరుమీద పడేటప్పుడు, తమరు చూసేది 36×24 మిల్లీమీటర్ల జాగా మాత్రమే, పోనీలెండి. కానీ ఎఫ్ అంకె పెంచి, అంటే కాంతి దూరే రంధ్రాన్ని కుదించి, ఎఫ్/8 పెట్టినా మిల్లీమీటరు లోతు కూడా స్పష్టంగా ఉంచలేని తమరు ఆ వంపు తిరిగిన రేకుమీద ఏం చేయగలరు? కన్ను పడితే ముక్కు మాయం, ముక్కు పడితే రెక్క మాయం. పెదబాపు కళ్లద్దాలు పైకి తోసుకొని కెమెరా తెరమీద చూసి, "బిడ్డా, కన్నొక్కటే కనవడుతున్నది, పిట్టేడ వోయింది?" అన్నారు. ఎఫ్/22కు పోతే, సన్నని రంధ్రంలో దూరిన కాంతి చెదిరి, పిట్ట మొత్తం వచ్చింది కానీ గంజిలో ముంచి తీసినట్టు వచ్చింది. ఎఫ్/2.8 అని ఒంటిమీద చెక్కించుకొని, అంత దగ్గరికి వచ్చేసరికి ఎఫ్/5.6 వెలుతురే లోపలికి పంపే తమ నిజాయితీని నేనిక్కడ ప్రస్తావించను. నల్లని గొట్టంమీద నా గళ్ల చొక్కా, పైన తిరిగే పంకా అద్దంలో లాగా కనబడిన పాపం మాత్రం గొట్టానిదే.

చివరికి, కిటికీకి పంచె అడ్డం కట్టి, అర మిల్లీమీటరు చొప్పున కెమెరాను ముందుకు జరుపుతూ ముప్పై ఫ్రేములు తీసి, ఇంటికి పోయి ఒక్కొక్కదానిలో స్పష్టంగా వచ్చిన ముక్కను కంప్యూటరులో అతికించుకుందామని మొదలుపెట్టాను. ఒక్కొక్కటి అర సెకను. ఇరవై మూడో ఫ్రేము దగ్గర బొగ్గు గూడ్సు పోయింది, ఇల్లంతా వణికింది, పిట్టకు రెండు కళ్లొచ్చాయి. మళ్లీ మొదటినుంచి. ఈసారి పంతొమ్మిదో ఫ్రేముకు పెదబాపు ప్రేమగా తెచ్చిన చాయ్ కప్పు అదే బల్లమీద టక్కున పెట్టారు. మూడోసారికి ఎండ గోడ దిగిపోయింది. ఒక పిట్టకోసం మూడు గంటలు! నీకంటే నా ఫోను నయం, అది పిట్టను పిట్టలాగా చూపించింది. నీకు పెట్టిన డబ్బుతో మా బావిమీద కొత్త మోటరు వచ్చేది.

ఇంతలో గొట్టాల అడుగున చదునైన చోట ఉన్న ముద్రలను తీయమన్నారు. చదును కదా, నీవు చెలరేగిపోయావు. కిరీటం, దాని కింద ఎన్.పి. అక్షరాలు, ముద్ర అంచున లేచిన ఉక్కు రజను దాకా తేటతెల్లం! అది పొగరాని తుపాకీ మందుతో పరీక్షించినట్టు, ఇంగ్లండులో తుపాకుల గట్టిదనం పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904 నుంచి వేసిన ముద్ర. ఆ తుపాకీ 1890లో ఇంటికొచ్చిందని పెదబాపు నలభై ఏళ్లుగా అందరికీ చెబుతున్నారు. దాచవలసినదొక్కటే దాచకుండా చూపించావు. తర్వాతెప్పుడో సీమకు పంపి మళ్లీ పరీక్ష చేయించి ఉంటారని నేను సర్దిచెప్పాను. ఆయన చాలాసేపు ఆ బొమ్మనే చూసి, "గీ ఫోటో పెద్దగ కడిగియ్యి" అన్నారు.

ఈ ఉదయం తుపాకీ ఠాణాకు చేరింది. తమరు బూజు పట్టకుండా సిలికా సంచుల నడుమ విశ్రమించండి. ఫలితాలు వచ్చి అది తిరిగి ఇంటికి రాగానే రెక్క బాకీ తీర్చుకోవాలి. ఈలోగా గూడ్సు బండ్ల వేళలు కనుక్కొని ఉంచుతాను.