తప్పంతా ఓటరుదే

2004 లోక్‌సభ ఎన్నికల్లో వాజ్‌పేయి ప్రభుత్వం ఎందుకు ఓడిపోయిందని మేధావులు ఇప్పటికీ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. రైతుల కోపమని ఒకరు, నిరుద్యోగమని ఒకరు, పొత్తులని ఇంకొకరు. అసలు దోషిని మాత్రం ఎవరూ బోనెక్కించలేదు. అందుకే ఈ అభియోగపత్రం: ముద్దాయి, ఓటరు.

మొదటి నేరం, ప్రకటన చూడకపోవడం. సర్కారు సొమ్ముతో ‘ఇండియా షైనింగ్’ అని పత్రికల్లో, టీవీల్లో ఎంత ముచ్చటగా వేశారు! ఒక బొమ్మలో పసుపుపచ్చ చీర కట్టిన ఇల్లాలు క్రికెట్ ఆడుతూ హాయిగా నవ్వుతుంటుంది. అది చూసి మురిసిపోవాల్సిన అనంతపురం వేరుశనగ రైతు ఏం చేస్తున్నాడు? ఎండిన బోరు పక్కన కూర్చుని అప్పు లెక్కలు వేసుకుంటున్నాడు. ఇంటికెళ్లి టీవీ పెడదామంటే కరెంటు పోయింది. దేశం వెలిగిపోతున్న సంగతి అతనికి తెలియకపోవడానికి ప్రకటన రాసినవాళ్లు బాధ్యులా?

రెండోది మర్యాదకు సంబంధించింది. వాజ్‌పేయి గారి గొంతు రికార్డు చేసి జనానికి ఫోన్లు చేయించారు. దేశంలో నూటికి పది ఫోన్లు కూడా లేని రోజులవి. ప్రధానమంత్రి అంతటివాడు ఫోన్ చేస్తుంటే ఇంట్లో ఫోనే పెట్టించుకోకపోవడాన్ని ఏమనాలి?

ఎగ్జిట్ పోల్స్ వాళ్లు వచ్చి అడిగినా నిజం చెప్పలేదు. అది మూడోది. ఎక్కువ సర్వేలు మళ్లీ వాజ్‌పేయి కూటమి ఎన్డీయేనే అన్నాయి.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నేరం ఇంకా తీవ్రం. ఒకపక్క హైటెక్ సిటీ తళతళలాడుతుంటే, జనం మాత్రం మండుటెండలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన కాంగ్రెస్ నాయకుడు రాజశేఖరరెడ్డి వెంట పడ్డారు. వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తే రాష్ట్రం దివాలా తీస్తుందని పెద్దలు ఎంత చెప్పినా చెవికెక్కించుకోలేదు. గెలిచాక రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకార వేదిక మీదే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు.

లెక్కలు చూస్తే నాకే అనుమానం వస్తుంది, వీళ్లు కూడబలుక్కుని వేశారా అని. 1999లో ఇక్కడి 42 లోక్‌సభ సీట్లలో పొత్తు పెట్టుకున్న తెలుగుదేశానికి 29, బీజేపీకి 7, మొత్తం 36. 2004లో అవతలి పొత్తులో కాంగ్రెస్‌కు 29, టీఆర్ఎస్‌కు 5, కమ్యూనిస్టులకు 2, మళ్లీ 36. అంకె కూడా మార్చకుండా బల్ల ఇటు నుంచి అటు తిప్పేశారు!

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. దేశం మొత్తమ్మీద కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138. తేడా ఏడే సీట్లు. దాన్ని ‘పేదవాడి తీర్పు’ అని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది కానీ, 2003 చివర్లో ఎన్డీయే నుంచి బయటికొచ్చిన డీఎంకే కాంగ్రెస్ పక్కన చేరి తమిళనాడులో 39కి 39 ఊడ్చేయకపోతే కథ ఎలా ఉండేదో! కరుణానిధి గారిని అటు పోనివ్వడం ఏ ఓటరూ చేసిన తప్పు కాదు. అయినా ఆ నేరం కూడా ముద్దాయి ఖాతాలోనే వేస్తున్నాను, కేసు బలంగా ఉండాలి కదా.

పార్టీలు మాత్రం పాఠం నేర్చుకోలేదంటే ఒప్పుకోను. ప్రకటనలు చూడ్డానికి జనం దగ్గర టీవీలు లేవన్న సంగతి ఎట్టకేలకు గుర్తించారో ఏమో, 2009లో తెలుగుదేశం నగదు బదిలీతో పాటు ఉచిత కలర్ టీవీ కూడా ఇస్తామంది. 2006లో తమిళనాడులో డీఎంకేకు అచ్చొచ్చిన మంత్రమే అది. ఇక్కడ పారలేదు. బహుశా అప్పటికి ఓటరు సొంతంగానే టీవీ కొనుక్కుని, అందులో అందరి ప్రకటనలూ చూసేసి ఉంటాడు.