సవరణ: పాత పికప్‌కు వాడిన మీటర్లు బిగించేవారికి

పాత పికప్ డ్యాష్‌బోర్డులో మీటర్లు మార్చుకోవడం గురించి రాసిన పోస్టులో ‘సాకెట్ (వైర్లు తగిలించే చోటు) సరిపోతే చాలు’ అన్న వాక్యాన్ని తీసేశాను. వరంగల్ పాత సామాను దుకాణాల్లో మీటరు కొనేవారు దయచేసి ఇది చదవండి.

సాకెట్ కలిసినంత మాత్రాన ముల్లు నిజం చెప్పదు. ట్యాంకులో డీజిల్ మట్టంతోపాటు పైకీ కిందికీ కదిలే ఫ్లోటు విద్యుత్ నిరోధాన్ని బట్టి డీజిల్ మీటరు ముల్లు కదులుతుంది. ట్యాంకు నిండేకొద్దీ ఆ నిరోధం కొన్ని బండ్లలో తగ్గుతుంది, కొన్నింటిలో పెరుగుతుంది. మీటరు, ఫ్లోటు జత తప్పితే ఖాళీ ట్యాంకును నిండుగా చూపించవచ్చు. అందుకే మీటరుతోపాటు అదే బండి ఫ్లోటునూ అడగండి. అది మీ ట్యాంకు లోతుకు సరిపోకపోతే ఆ మీటరే వద్దు. ఇంజిన్ వేడి చూపే మీటరుకూ దాని సెన్సరు ఉండాలి. మే నెల ఎండల్లో ఆ ముల్లు తప్పు చూపితే, ఇంజిన్ మితిమీరి వేడెక్కిందని హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయేదాకా తెలియకపోవచ్చు.

బ్యాటరీ గుర్తున్న ఎర్రబల్బును బిగించకుండా వదిలేయకండి. చాలా పాత బండ్లలో దాని గుండా వెళ్లే కరెంటుతోనే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) బ్యాటరీ చార్జింగ్ మొదలుపెడుతుంది.

పాత మీటరులోని కిలోమీటర్ల అంకెను ఫొటో తీసి ఉంచండి, బండి కొనేవారికి అది తెలియాలి. భారీ లారీల 24 వోల్టుల మీటర్లు 12 వోల్టుల పికప్‌కు పనికిరావు.