గుండె జబ్బు తగ్గింది సరే, పోయిందా?

మా చిన్నాయనది పత్తికొండ దగ్గర పల్లె. టమోటా పండిస్తాడు. మూడేళ్ళ కింద ఆయాసం మొదలైంది. రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. తల కింద ఒక దిండు కాస్తా రెండైంది, తర్వాత మూడు. ఊళ్ళో ఉబ్బసం అని సూదులు వేశారు. పాదాలు వాచి చెప్పులు పట్టని స్థితి వచ్చాక కర్నూలు తీసుకెళ్ళాం. ఎకో తీసిన డాక్టరు, గుండె సాగి పెద్దదైందని, పంపింగ్ 25 శాతమే ఉందని చెప్పాడు. రక్తనాళాల్లో అడ్డంకులేమీ లేవని యాంజియోగ్రామ్‌లో తేలింది. జబ్బు పేరు డైలేటెడ్ కార్డియోమయోపతీ. ఆసుపత్రుల్లో డీసీఎం అంటారు, పల్లెల్లో గుండె వాచింది అంటారు.

ఏడాది మందులు వాడాక పంపింగ్ 52కి వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆయన మళ్ళీ మడవ కట్టడానికి చేనికి పోవడం మొదలుపెట్టాడు. ఆ రిపోర్టు చూసిన చోట 'బాగైంది, ఇక భయం లేదు' అని పంపించారు. మాత్రలు ఆపకూడదని కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. ఆ ఏడు టమోటా ధర పడిపోయింది. నెలనెలా ఇంత ఖర్చెందుకని చిన్నాయన ఒక్కో మాత్రా మానేశాడు. మాకెవరికీ చెప్పలేదు. ఐదు నెలలకు మళ్ళీ అదే ఆయాసం, ఈసారి నేరుగా ఐసీయూ. "తగ్గింది కదప్పా, ఇంకెందుకులే అనుకుంటి" అన్నాడు, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి.

తప్పు ఆయనదని నేననుకోను. మన భాషలో జ్వరం తగ్గిందంటే పోయిందనే అర్థం. దగ్గు తగ్గిందన్నా అంతే. డీసీఎంలో మాత్రం తగ్గడం వేరు, పోవడం వేరు. ఈ తేడాను రోగికి వాళ్ళ మాటల్లో చెప్పే బాధ్యత వైద్య వ్యవస్థది. మన దగ్గర ఆ పని జరగడం లేదన్నదే నా బాధ.

తగ్గినా జబ్బు పోలేదన్నది డాక్టర్ల ఊహ కూడా కాదు. చిన్నాయనకు జరిగినట్టే జరుగుతుందా అని బ్రిటన్‌లో పరీక్షించి చూశారు. ట్రెడ్-హెచ్ఎఫ్ అనే ఆ అధ్యయనంలో డీసీఎం నుంచి కోలుకున్న 51 మందిని తీసుకున్నారు. అందరికీ పంపింగ్ మామూలు స్థాయికి వచ్చింది, ఆయాసం లేదు. సగం మందికి డాక్టర్ల పర్యవేక్షణలోనే నెమ్మదిగా మందులు ఆపారు. ఆరు నెలల్లో వాళ్ళలో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవాళ్ళలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. 2018లో ఈ ఫలితాలు వచ్చాయి. ఎవరికి తిరగబెడుతుంది, ఎవరికి తిరగబెట్టదు అని ముందే చెప్పే పరీక్ష ఇప్పటికీ చేతిలో లేదు. అందుకే మందులు కొనసాగించమంటారు.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మాత్ర మింగడం మీద నమ్మకం పెరుగుతుంది. గుండె బలహీనపడి రక్తం సరిగా నెట్టకపోతే, ఒంట్లో రక్తమే తక్కువైందని మూత్రపిండాలు పొరబడతాయి. ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. గుండెను ఇంకా వేగంగా కొట్టుకోమని తరిమే హార్మోన్లు పెరుగుతాయి. ఆ బరువుకి గుండె ఇంకా సాగుతుంది. ఈ విషవలయాన్ని తెంపేవే ఇప్పటి మందులు. వాటిని ఆపితే వలయం మళ్ళీ తిరగడం మొదలవుతుంది.

పంపింగ్ శాతం గురించి ఒక మాట. 25 అనగానే గుండె ముప్పాతిక వంతు చచ్చిపోయిందని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా అది 100 ఉండదు. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటుంది. ఒక్కసారి కొట్టుకున్నప్పుడు గుండె గదిలో ఉన్న రక్తంలో ఎంత వంతు బయటికి పోతోందన్నదే ఆ లెక్క. కాబట్టి 25 నుంచి లేవడానికి దారి ఉంది. చాలామంది లేస్తారు కూడా.

ఆ దారి నాలుగు రకాల మందులతో పడింది. కార్వెడిలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఒకటి. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, అది వీలు కాకపోతే ఎనలాప్రిల్ లాంటివి రెండోది. స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్ మూడోది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ నాలుగోది. వీటితోపాటు నీరు లాగడానికి ఫ్యూరోసమైడ్, టోర్సెమైడ్ ఇస్తారు. చిత్రమేమిటంటే మనవాళ్ళకి బాగా నచ్చేది ఈ నీరు లాగే మాత్రే. వేసుకున్న గంటకే పని కనిపిస్తుంది, వాపు దిగుతుంది, నిద్ర పడుతుంది. ఆయుష్షు పెంచే ఆ నాలుగూ మాత్రం చప్పుడు లేకుండా పనిచేస్తాయి. డబ్బు చాలనప్పుడు ముందు పక్కన పెట్టేవి అవే.

ఈ మాత్రలు ఆగిపోయే ఇంకో రెండు సందర్భాలు మా ఊళ్ళోనే చూశాను. మందుల షాపు కుర్రాడు డాపాగ్లిఫ్లోజిన్ చీటీ చూసి "ఇది షుగర్ మాత్ర, నీకు షుగర్ ఉందా పెద్దాయనా?" అంటాడు. లేదు కదా అని పెద్దాయన ఆపేస్తాడు. షుగర్ ఉన్నా లేకపోయినా బలహీనమైన గుండెకు అది మేలు చేస్తుందని 2019లోనే పెద్ద అధ్యయనంలో తేలింది. రెండోది బీపీ. మిషన్‌లో 100/60 కనిపించగానే పల్లె వైద్యుడు "బీపీ పడిపోయింది, ఆపెయ్" అంటాడు. కళ్ళు తిరగడం, నీరసం లేకపోతే డీసీఎం రోగికి ఆ బీపీ సాధారణంగా సరిపోతుంది. మోతాదు మార్చాలా వద్దా అన్నది మందు రాసిన డాక్టరే తేల్చాలి.

మోతాదు సంగతి ఇంకా పెద్దది. కార్వెడిలాల్ 3.125 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి పెంచుకుంటూ, రోగి తట్టుకుంటే 25 మిల్లీగ్రాములు రెండు పూటలా ఇచ్చేదాకా తీసుకెళ్ళాలి. మధ్యలో బీపీ, నాడి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో పొటాషియం చూస్తుండాలి. చిన్నాయన మొదటి ఏడాది పొడుగూతా మొదటి చీటీలోని మోతాదే వాడాడు. అదే చీటీ చూపించి అవే మాత్రలు తెచ్చుకున్నాడు, అంతే. డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే మోతాదులు పూర్తిగా పెంచి, వెంటవెంటనే పిలిచి చూస్తే ఏమవుతుందని స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనం చూసింది. ఆరు నెలల్లో చనిపోవడమో గుండె వైఫల్యంతో మళ్ళీ ఆసుపత్రిలో చేరడమో జరిగినవాళ్ళు ఆ పద్ధతిలో 15.2 శాతం, మామూలు పద్ధతిలో 23.3 శాతం. కొత్త మందేమీ లేదు. ఉన్న మందునే సరిగా ఇచ్చి, మనిషిని వదిలిపెట్టకుండా చూసుకున్నారు.

మన రాయలసీమలో ఇదే కరువు. ఆరోగ్యశ్రీ 2007లో మొదట మొదలైన జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆపరేషన్ అవసరమైన పేదవాడికి అది ప్రాణం పోసింది, నేను కళ్ళారా చూశాను. కానీ ఆ పథకం పుట్టిందే ఆసుపత్రిలో చేరే పెద్ద చికిత్సల కోసం. డీసీఎం రోగి నెలకు 29 రోజులు ఇంట్లోనే ఉంటాడు. అతని చికిత్స అంతా ఇంట్లోని మాత్రల డబ్బాలోనే ఉంది. పైగా మనవాళ్ళు ఒక చోట చూపించుకోరు. ఆదోని వైపువాళ్ళు బళ్ళారి పోతారు, అనంతపురం వాళ్ళు బెంగళూరు, కడప వాళ్ళు తిరుపతి, వేలూరు. చోటు మారినప్పుడల్లా చీటీ మారుతుంది. కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ మాత్రలు అయిపోతే ఎవరినడగాలి?

ధరల విషయంలో మాత్రం కాలం కలిసొచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్‌ది 2023లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. జనరిక్‌లు వచ్చి రేట్లు బాగా దిగాయి. కార్వెడిలాల్, స్పైరనోలాక్టోన్ ముందునుంచీ చవకే. ఇప్పుడు ప్రభుత్వానికి ఇది మోయలేని భారం కాదు. బీపీ, షుగర్ మాత్రలు పల్లెలో ఇచ్చే పద్ధతిలోనే ఈ నాలుగూ నెలనెలా ఆగకుండా అందాలి. మూడు నెలలకోసారి క్రియాటినిన్, పొటాషియం దగ్గరలోనే చేయాలి. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం సర్వజనాసుపత్రిలో గుండె వైఫల్యం రోగులకంటూ ఒక నర్సు ఉండి, మాత్రలు తీసుకెళ్ళడానికి రాని మనిషికి ఫోన్ చేసి "అన్నా, ఎందుకు రాలేదు?" అని అడగాలి. ఐసీయూలో ఒక్క వారం ఖర్చుతో పోలిస్తే ఆ ఫోన్ ఖర్చు ఎంత?

ఇంట్లో చేసుకోవాల్సినవీ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళందరికీ చెప్పే ఉప్పు హద్దు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను. మన సంగటిలో ఉప్పు పెద్దగా ఉండదు. పక్కన పెట్టుకునే చింతకాయ తొక్కు, ఊరమిరపకాయ, అప్పడంలోనే ఉంటుంది. మామూలు ఉప్పు బదులని సోడియం తక్కువ ఉప్పు కొనేవాళ్ళు ఆగాలి. అందులో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళకి పొటాషియం పెరిగితే గుండె లయే తప్పుతుంది. మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాడకూడదు, అవి ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెట్టేస్తాయి. నొప్పుల సూది వేయించుకునే ముందు గుండె జబ్బు సంగతి చెప్పాలి. మన ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మాత్రలు రెండు మూడు రోజులు ఆపమనవచ్చు. అలా ఆపినవి మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగాలి. తాగుడు మానాలి, అది మానకపోతే ఏ మాత్రా గుండెను నిలబెట్టలేదు.

మిషన్ల గురించి తొందరపడి పొలం అమ్మొద్దు. మందులు సరైన మోతాదులో కనీసం మూడు నెలలు వాడాక కూడా పంపింగ్ 35 లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే మిషన్ గురించి ఆలోచిస్తారు. గుండెలో కరెంటు దారి ఒక పక్క దెబ్బతిన్నవాళ్ళకి గుండె రెండు పక్కలూ కలిసి కొట్టుకునేలా చేసే మిషన్, సీఆర్‌టీ బాగా పనిచేస్తుంది. గుండె మార్పిడి అన్నీ అయిపోయాక చివరి మెట్టు.

చిన్నాయన ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. మనవడి పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద రోజూ పొద్దున్నే, దొడ్డికి పోయొచ్చాక, బరువు రాస్తాడు. 58.2, 58.4, 58.1. మొన్నొక రోజు 60.3 అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. రెండు రోజుల్లో రెండు కిలోలు. పెళ్ళిలో తిన్న ఊరగాయల ఫలితం. ఆయాసం మొదలుకాక ముందే ఫోన్ చేశాడు, డాక్టరు నీటి మాత్ర పెంచమన్నాడు, నాలుగో రోజుకి 58.5.

ఇంకో పని మిగిలింది. డీసీఎం చాలా ఇళ్ళలో వంశంలోంచి వస్తుంది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యు లోపం దక్షిణాసియా వాళ్ళలో సుమారు 4 శాతం మందిలో ఉందని, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన 2009లో చెప్పింది. ఆ లోపం ఉన్నవాళ్ళందరికీ జబ్బు వస్తుందని కాదు. కానీ ఒకరికి ఈ జబ్బు బయటపడితే తోబుట్టువులు, పిల్లలు ఆయాసం లేకపోయినా ఎకో, ఈసీజీ తీయించుకోవాలి. చిన్నాయన చిన్న కొడుకుది మామూలుగానే వచ్చింది. పెద్దవాడు బెంగళూరులో డ్రైవరు, "నాకేమైందిప్పుడు, బాగానే ఉండాను కదా" అంటూ రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నాడు. ఉగాదికి ఊరొస్తున్నాడు. పండగ మర్నాడు కర్నూల్లో ఎకోకి టోకెన్ తీసి పెట్టాను, వాడికింకా చెప్పలేదు.