శీర్షాభిముఖ కోణాల వారికి, శ్రీకాకుళం నుంచి ఒక ఫిర్యాదు

అయ్యా శీర్షాభిముఖ కోణం గారూ,

మీరు ఒంటరిగా ఎప్పుడూ రారు, రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటే చాలు, ఆ కోసుకున్న చోట ఎదురెదురుగా జతగా దిగిపోతారు, అదీ ఒక జత కాదు రెండు జతలు. ఏడో తరగతి పుస్తకంలో మీకో పటం, పక్కన ఒక లైను: "శీర్షాభిముఖ కోణాలు సమానం." పిల్లలు బట్టీ కొట్టేస్తారు, బిట్ పేపర్లో మార్కు పడిపోద్ది, మీ పరువు దక్కిపోద్ది. ఎందుకు సమానం అని అడిగినోడే లేడు. మా మేనల్లుడు అడిగాడు లెండి, ట్యూషన్లో. "సిద్ధాంతం రా, రాసేయ్" అన్నారట. వాడి పక్కన కూర్చున్న గుంట కోణమానిని పెట్టి కొలిస్తే ఒకవైపు 64, ఎదురుగా 66 వచ్చిందట, పాపం రెండూ చెరిపేసి 65 అని రాసుకుంది.

ఏటండీ ఇది? మీ సమానత్వం వెనకాల ఉన్న గొడవ చెప్పుకోడానికి అంత సిగ్గా? మీకూ మీ పక్క కోణానికీ ఉన్నది అచ్చం అన్నదమ్ముల గట్టు తగాదా. సరళరేఖ మీద ఇద్దరికీ కలిపి ఉన్నది 180 డిగ్రీలే, గట్టు జరిపితే ఒకడికి పెరిగింది ఇంకొకడికి తగ్గాల్సిందే. పక్కోడు 110 లాక్కున్నాడనుకోండి, మీకు మిగిలేది 70. అదే పక్కోడికి రెండో గీత మీద అవతలోడితో కూడా ఇదే తగాదా ఉంది కదా, అక్కడా మొత్తం 180యే, వాడు తినేది 110యే, అవతలోడికీ 70యే మిగులుద్ది. అంటే మీరిద్దరూ సమానం అయ్యింది మీ గొప్పతనం వల్ల కాదు, మధ్యలో ఉన్న ఆ ఒక్కడు ఇద్దరి దగ్గరా ఒకేలా లాక్కోబట్టి. 110 బదులు ఏది పెట్టినా ఇదే కథ, కొలవక్కర్లేదు. అన్నదమ్ములకి సరిగ్గా 90, 90 పంచేస్తే నలుగురూ సమానం అయిపోతారు, కానీ అలాంటి పంపకం మా ఊళ్ళలో ఎక్కడ చూశాం!

ఈ సంగతి మొదట పట్టుకున్నది గ్రీకు దేశపు థేలీస్ అని చెప్తారు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ఎలిమెంట్స్ అనే జామెట్రీ పుస్తకం మొదటి భాగంలో 15వ ప్రతిపాదనగా రుజువు కూడా రాసి పెట్టేశాడు. ఇన్నేళ్ళయినా ఆ రుజువుకి మా వీధి ట్యూషన్ దాకా బస్సు దొరకలేదు.

పరీక్షల్లో మీ వేషాలు ఇంకోటి. ఒకవైపు మూడు ఎక్స్ ప్లస్ పది, ఎదురుగా ఐదు ఎక్స్ మైనస్ ముప్పై. పిల్లలు చెమటోడ్చి ఎక్స్ 20 అని తేల్చి, కోణం కూడా 20 డిగ్రీలే అని రాసేసి లేచొచ్చేస్తారు, మీరేమో 70 డిగ్రీలు ఒళ్ళు విరుచుకుని పటంలో కూర్చునుంటారు.

అసలు ఫిర్యాదు ఇది కాదు. ఎదురెదురుగా కనబడిన ప్రతిదీ మీరే అని పిల్లలు నమ్మేస్తుంటే మీరు నోరు మెదపరు. మొన్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మావాణ్ణి నిలబెట్టి, శీర్షాభిముఖ కోణాలు చూపించరా అన్నాను. చేతిలో పాల ప్యాకెట్ల సంచీతోనే అటొకటి ఇటొకటి చూపించేశాడు. మీరు పుట్టాలంటే వచ్చిన రోడ్డు తిన్నగా అవతలికి దాటాలి, మధ్యలో కాస్త వంకర తిరిగినా మీరు లేనట్టే, ఆ లెక్కన ఏడు రోడ్లకి జతలు కట్టుకుంటూ పోతే కనీసం ఒకటి మిగిలిపోద్ది, దానికి ఎదురుండదు. (ఆటోల సంగతి అడక్కండి, అవి ఏ జామెట్రీకీ లొంగవు.)

"అయితే ఆ ఏడో రోడ్డుకి ఎదురేటుంది మావయ్యా?"

"ఏటీ నేదురా."

"మరి సమానం అని రాసేత్తే మార్కు ఎయ్యరేటి?"

వేసేస్తారేమో అని నా భయం. దీనికి జవాబు మీరే చెప్పాలి, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
హోంవర్క్ చూడ్డానికి దొరికిపోయిన ఒక మావయ్య,
శ్రీకాకుళం