గుండమ్మ సరే, సరోజ సంగతేంది?
పాత కుటుంబ సినిమాలల్ల తప్పులు వెతకొద్దు, అవి మన బాల్యం అని ఒకరు రాసిన్రు. బాల్యమే, కాదనను. మా మిర్యాలగూడ ఇంట్ల 'గుండమ్మ కథ' పెడితే ఇప్పటికీ మూడు తరాలు ఒక్క తాన కూసుంటయి. 1962ల వచ్చిన సినిమా. గుండమ్మగా సూర్యకాంతం గొంతు లేస్తే చాలు, మా అమ్మ పడి పడి నవ్వుతది. గుండమ్మ సవతి బిడ్డ లక్ష్మిగా సావిత్రి ఇంటెడు చాకిరీ చేస్తుంటే ఆమె కండ్లల్లనే అంతా తెలుస్తది, మాటలతోటి పని లేదు.

కానీ గుండమ్మ సొంత బిడ్డ సరోజ కథ మళ్ల చూడుండ్రి. జమున పాత్రకు పొగరున్న మాట నిజమే. అది దించాలని మొగుడే నాటకమాడి, ఆమెతోటి తోటపని చేపిస్తడు. దాన్ని బుద్ధి చెప్పుడు అనుకొని మనం ఏండ్లకేండ్లు సంబురపడ్డం. "నిజం దాచి కష్టపెట్టుడు ప్రేమెట్లయితది నాన్నా?" అన్నది మా బిడ్డ. న్యాయమైన ప్రశ్న.

ఇంకోటి, ఆ కాలం కుటుంబ సినిమాలల్ల మా నల్లగొండ మాట ఇంటి పెద్ద నోట్ల వినపడదు. తర్వాత తర్వాత వినపడ్డా, ఎక్కువ రౌడీలకో, నవ్వించేటోళ్లకో పెట్టిన్రు. మా నాయినమ్మ గూడ ఇట్లనే మాట్లాడేది, ఆమె ఇల్లు నడిపిన మనిషి.

ఈ సినిమాలు పిల్లలకు తప్పక చూపియ్యాలె. వాళ్లు అడిగేదాన్ని మాత్రం ఆపకుండ్రి.