హన్మకొండ అంటే ఒక్క 1984 మాత్రమేనా?

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలను హన్మకొండ లోక్‌సభ స్థానం గురించి అడగండి, ఠక్కున చెప్పేస్తారు: 1984లో బీజేపీకి దేశం మొత్తమ్మీద వచ్చిన రెండు సీట్లలో అదొకటి, రెండోది గుజరాత్‌లోని మెహసానా. బిట్టుకు మార్కు పడుతుంది. అసలు సంగతి మాత్రం అందులో లేదు.

అప్పటికి పీవీ నరసింహారావు ఇక్కడ 1977, 1980ల్లో వరసగా గెలిచి ఉన్నారు, పైగా కేంద్ర మంత్రి. ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు కట్టబెట్టిన ఎన్నికల్లో, ఆయన సొంతగడ్డ మీద బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో 54 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. దీన్ని ఒట్టి కమలం గెలుపుగా చెప్పుకోవడం నాకు ఒప్పదు. జంగారెడ్డి బీజేపీకి ముందున్న జనసంఘ్ రోజుల నుంచీ ఎమ్మెల్యేగా గెలుస్తూ వచ్చిన స్థానికుడే, ఆ బలం చిన్నది కాదు. కానీ ఆ ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించారు, నెలకే జనం ఆగ్రహం చూసి మళ్లీ కూర్చోబెట్టారు, ఆ వేడి తగ్గకముందే డిసెంబర్‌లో పోలింగ్ వచ్చింది. రాష్ట్రంలోని 42 సీట్లలో టీడీపీకి 30, కాంగ్రెస్‌కు 6. హన్మకొండలో టీడీపీ మద్దతు బీజేపీకి. సైకిల్‌కు వేద్దామని వెళ్లిన ఓటరు పువ్వు గుర్తు మీద ముద్ర గుద్దాడు, అంతే.

ఆ తర్వాత బీజేపీ ఇక్కడ మళ్లీ గెలవలేదు. 1989, 1991, 1996ల్లో కాంగ్రెస్ నుంచి కమాలుద్దీన్ అహ్మద్, 1998, 1999ల్లో టీడీపీ నుంచి చాడ సురేశ్‌రెడ్డి, 2004లో టీఆర్ఎస్ నుంచి బి. వినోద్‌కుమార్. ఉపఎన్నికతో కలిపి పదిసార్లు ఓటేస్తే గెలిచింది ఐదుగురే, వాళ్లలో ఒక్కసారితో ఆగిపోయింది జంగారెడ్డి ఒక్కరే.

నా లెక్కలో 1984 కన్నా ఎక్కువ చెప్పుకోవాల్సింది 2008 ఉపఎన్నిక. తెలంగాణ కోసం రాజీనామాలు చేసి మళ్లీ జనం ముందుకెళ్లిన టీఆర్ఎస్ నాలుగు లోక్‌సభ స్థానాల్లో రెండే నిలబెట్టుకుంది. కేసీఆర్‌కే కరీంనగర్‌లో మెజారిటీ 15 వేల దగ్గరికి పడిపోయింది, పక్కనే ఉన్న వరంగల్ టీడీపీకి పోయింది, ఉద్యమం పని ఇక అయిపోయిందని అన్నవాళ్లు చాలామంది. అలాంటి టైమ్‌లో హన్మకొండ వినోద్‌ను మళ్లీ గెలిపించింది. ఈ సీటు వేసిన చివరి ఓటు అదే! పునర్విభజనతో 2009 ఎన్నికలకు స్థానమే లేకుండా పోయింది, ముక్కలు చుట్టుపక్కల నియోజకవర్గాల్లో కలిశాయి.

పీవీ 1984లోనే మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా గెలిచి లోక్‌సభలో నిలిచారు, 1991లో ప్రధాని అయ్యాక నంద్యాల ఉపఎన్నికలో నెగ్గారు. ప్రధానిగా ఉన్న ఆయనకు ఓటేసే అవకాశం హన్మకొండకు ఎన్నడూ రాలేదు. ఆయన పెరిగిన వంగర ఇప్పుడు హనుమకొండ జిల్లాలోనే ఉంది, అక్కడివాళ్లు ఓటేసేది మాత్రం కరీంనగర్ ఎంపీకి.