కమిటీ వస్తోంది, గ్లవ్స్ బయటికి తీయండి

మన కాలేజీల కెమిస్ట్రీ ల్యాబుల్లో అన్నిటికంటే భద్రంగా ఉండే వస్తువు ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పొచ్చు. గ్లవ్స్. అద్దాల బీరువాలో, తాళం వెనక, పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా ఉంటాయి. వాటికి ఆమ్లం తగలదు, క్షారం తగలదు, మనిషి చెయ్యి అసలే తగలదు. పక్కనే తాళం లేని చెక్క అరలో, మూత సరిగ్గా బిగించని సీసాలో నెస్లర్ రియేజెంట్ ఉంటుంది. దాన్ని ఎవరైనా, ఎప్పుడైనా, ఉత్త చేతులతో తీసుకోవచ్చు. భద్రత అవసరం దేనికో మనవాళ్లు బాగా ఆలోచించే నిర్ణయించినట్టున్నారు.

సాల్ట్ అనాలిసిస్ చేసిన వాళ్లందరికీ ఈ నెస్లర్ పాత పరిచయమే. ఇచ్చిన లవణంలో అమ్మోనియం ఉందా లేదా తేల్చడానికి వేసే చుక్క అది. గోధుమ రంగు అవక్షేపం వస్తే ఉన్నట్టు, మార్కులు వచ్చినట్టు. 1856లో జూలియస్ నెస్లర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దీన్ని లోకానికి ఇచ్చాడు. తయారీ చూడముచ్చటగా ఉంటుంది. మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణంలో పొటాషియం అయోడైడ్ పోస్తుంటే ముందు ఎర్రటి అవక్షేపం పడుతుంది, ఇంకా పోస్తే అది కరిగి మాయమవుతుంది. దానికి పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే లేత పసుపు ద్రవం సిద్ధం. అంటే ఒకే సీసాలో రెండు వరాలు. ఒకటి పాదరసం: ఒంట్లోకి చేరితే మూత్రపిండాల పని పడుతుంది, చర్మం గుండా కూడా లోపలికి పోగలదు. రెండోది కాస్టిక్ క్షారం: చర్మాన్ని తినేస్తుంది, కంట్లో పడితే చూపుకే ఎసరు. వాసన ఘాటుగా ఉండదు, పొగ రాదు, అందుకే దీన్ని చూసి ఎవరూ భయపడరు. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఉన్న పరువు పాపం దీనికి లేదు.

ఇక కమిటీ సంగతి. ఈ సన్నివేశం మీరూ చూసే ఉంటారు.

కాలేజీ తనిఖీకి కమిటీ వస్తోందని కబురు రాగానే ముందుగా వెలిసేది ఫ్లెక్సీ. 'సేఫ్టీ ఫస్ట్' అని పెద్ద అక్షరాలు. వాటి పక్కన కరస్పాండెంట్ గారి ఫోటో, ఆయన పక్కన ప్రిన్సిపాల్ గారి ఫోటో, ఇద్దరూ నమస్కారం పెడుతూ ఉంటారు. అడుగున ఒక మూల, ఫ్లెక్సీ షాపు కుర్రాడికి దొరికిన బొమ్మ: పచ్చ హెల్మెట్ పెట్టుకున్న మేస్త్రీ. కెమిస్ట్రీ ల్యాబులో గోడ కూలే ప్రమాదం ఉందని ఎవరికో ముందే తెలిసి ఉంటుంది. ఇంకో గోడకు, బీరువా పైన, కప్పుకు రెండడుగుల కింద నెస్లర్ రియేజెంట్ సేఫ్టీ డేటా షీట్ లామినేషన్ చేయించి వేలాడదీస్తారు. అందులో పదహారు విభాగాలు. నాలుగోది ప్రథమ చికిత్స, ఎనిమిదోది చేతులకూ కళ్లకూ వేసుకోవాల్సినవి, పదమూడోది వ్యర్థాలను ఏం చేయాలన్నది. అంతా ఇంగ్లిష్, అక్షరాలు ఆవగింజంత. చదవాలంటే నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన ఎక్కడం ప్రమాదం కాబట్టి ఎవరూ చదవరు. సీసా మీద పుర్రె గుర్తు పక్కనే ఎండిన చెట్టు, చచ్చిన చేప ఉన్న గుర్తు ఒకటి ఉంటుంది. అదేంటి సార్ అని పిల్లలు అడిగితే, జువాలజీ వాళ్ల సీసా ఇటు వచ్చిందేమో కనుక్కోమంటారు.

ఆ ఉదయమే ఫ్యూమ్ హుడ్ ఖాళీ చేస్తారు. మూడేళ్ల రికార్డుల కట్టలు, పాడైన స్టెబిలైజర్, ఎవరిదో టిఫిన్ క్యారియర్ బయటికి వస్తాయి. విషవాయువులు పోవాల్సిన చోట ఇన్నాళ్లూ పప్పన్నం ఉంది. బీరువా తాళం తీస్తారు. ముందు వరసలో నిలబెట్టిన నలుగురు పిల్లలకు మడత నలగని ఏప్రన్లు, గ్లవ్స్, నుదుటి మీదికి ఎత్తిన గాగుల్స్.

కమిటీ వస్తుంది. శాలువాలు కప్పుతారు. పెద్దాయన ఫ్యూమ్ హుడ్ ముందు ఆగి స్విచ్ వేస్తారు. చప్పుడు లేదు. ప్రిన్సిపాల్ గారు రెప్ప వేయకుండా "సైలెంట్ మోడల్ సార్" అంటారు. పెద్దాయన తల ఊపి ఏదో రాసుకుంటారు. కళ్లు కడుక్కునే కుళాయి తిప్పుతారు. నీళ్లు రావు. "మోటారు ఇప్పుడే ఆపాం సార్." అది కూడా రాసుకుంటారు. రియేజెంట్ కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడగాలి. కంట్లో పడేసుకోబోయే వాళ్లు మోటారు వేళలు కనుక్కుని పడేసుకోవాలన్నమాట. ఆ తర్వాత, 'ల్యాబులో తినరాదు, తాగరాదు' అన్న బోర్డు కిందే, పొద్దున సీసాల కారుడు తుడిచిన గుడ్డతోనే బల్ల తుడిచి, మిరపకాయ బజ్జీలు, టీ పెడతారు. పెద్దాయన చట్నీ అంటిన వేలు నాకి, సేఫ్టీ కల్చర్ చాలా బాగుందని మెచ్చుకుంటారు. గ్రూప్ ఫోటో. కారు గేటు దాటగానే పిల్లల చేతుల నుంచి గ్లవ్స్ ఊడదీసి లెక్కపెట్టి బీరువాలో పెడతారు. ఎనిమిది ఇచ్చాం, ఏడే వచ్చాయి, ఎనిమిదోది ఎక్కడరా? ఆ రోజు మొత్తానికి జరిగిన భద్రతా విచారణ ఇదొక్కటే.

గ్లవ్స్ ఉంటే చాలు అనుకునే వాళ్లకు ఒక మాట. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కేరెన్ వెటర్‌హాన్ ఫ్యూమ్ హుడ్ ముందు నిలబడి, లేటెక్స్ గ్లవ్స్ వేసుకునే డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసం సమ్మేళనంతో పని చేశారు. చేతి మీద కొన్ని చుక్కలు పడ్డాయి. అది గ్లవ్స్ గుండా క్షణాల్లో దూసుకుపోతుందని అప్పటికి ఆమెకు గానీ ఇతరులకు గానీ సరిగా తెలియదు. నెలల తర్వాత నడక తడబడింది, మాట తడబడింది. 1997 జూన్‌లో చనిపోయారు. నెస్లర్ అంత ఘోరమైనది కాదు, నీళ్లలో కలిసిన ద్రావణం కనుక మామూలు నైట్రైల్ గ్లవ్స్ దీనికి సరిపోతాయి. కానీ అన్నీ పాటించిన శాస్త్రవేత్తనే పాదరసం వదల్లేదు. మనం బీరువాకు గ్లవ్స్ తొడిగి కూర్చున్నాం.

పరీక్ష అయ్యాక ఆ గోధుమ రంగు ద్రవం ఎటు పోతుంది? సింక్‌లోకి. రెండు చుక్కలు చాలు అని రాసి ఉంటే, రంగు బాగా రావాలని పిల్లలు డ్రాపర్ మొత్తం పిండుతారు, ఆపై కుళాయి తిప్పుతారు. పాదరసం మూలకం. నీళ్లు పోస్తే పలచబడుతుంది కానీ ఎక్కడికీ పోదు. కాలువలో, చెరువు బురదలో సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి, అది చేపల్లోకి ఎక్కుతుంది. సీసా మీద ఆ చేప అందుకే ఉంది, జువాలజీ వాళ్లది కాదు. జపాన్‌లోని మినమాటలో ఒక ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన మిథైల్ మెర్క్యురీ ఏం చేసిందో 1956లో బయటపడింది. ముందు పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చాయి, తర్వాత మనుషుల వంతు వచ్చింది. ఒక కాలేజీ పోసే చుక్కలతో మినమాట రాదు, నిజమే. ప్రతి కాలేజీ ఆ మాటే అనుకుంటుంది. పాదరసాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ మినమాట ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది కూడా. ఆ కబురు సింక్ దాకా రాలేదు.

ఇంతకీ ఈ పరీక్ష తప్పనిసరా అంటే, అదీ కాదు. అదే ప్రాక్టికల్ పుస్తకంలో రెండు లైన్ల పైన ఇంకో పద్ధతి ఉంది. లవణాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే అమ్మోనియా ఘాటు తెలుస్తుంది. తడిపిన ఎర్ర లిట్మస్ నీలం అవుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన గాజు కడ్డీ దగ్గర పెడితే తెల్లటి దట్టమైన పొగ వస్తుంది. పసుపు కాగితం పెట్టినా, సున్నం తగిలిన పారాణిలా ఎర్రబడుతుంది. నీటి పరీక్షల్లో కూడా నెస్లర్‌ను పక్కన పెట్టి పాదరసం అక్కర్లేని సాలిసిలేట్ పద్ధతి వాడుతున్నారు. మరి మనకు ఇంకా పాదరసం ఎందుకు? 'రికార్డులో ఉంది, మార్కులున్నాయి' అంటారు. ఆ సమాధానం కూడా వ్యంగ్యమేనేమో అని చాలాసేపు అనుకున్నాను. కాదట.

నవ్వులాట చాలు. ఈ మొత్తం వ్యవహారంలో కమిటీ కంటికి కనబడని మనిషి ఒకడున్నాడు. ల్యాబ్ అటెండర్. నెస్లర్ కలిపేది అతనే. కారిన సీసాలు తుడిచేది, బ్యాచ్ తర్వాత బ్యాచ్ వదిలేసిన టెస్ట్ ట్యూబులు ఉత్త చేతుల్తో కడిగేది అతనే. పిల్లలు ఆ సీసా ముట్టుకునేది కొన్ని పీరియడ్లు, అతను ముట్టుకునేది ఉద్యోగమంతా. అందులోనూ చాలామంది కాంట్రాక్టు మనుషులు, నోరెత్తితే రేపు పని ఉండదు. చేతులు పగులుతున్నాయి సార్ అంటే కొబ్బరి నూనె రాసుకోమంటారు. సిగ్గుండాలి! చర్మాన్ని క్షారం ఒలిచేస్తుంటే, ఆ పగుళ్ల మీద పాదరసం పారుతుంటే, కొబ్బరి నూనెనా? ఒక్క కమిటీకి కప్పిన శాలువాల డబ్బుతో అతనికి ఏడాది పొడవునా గ్లవ్స్ వస్తాయి. డబ్బు లేక కాదు. అతని చేతులు ఎవరి లెక్కలోనూ లేవు, అంతే.

చేయాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పాదరసం వ్యర్థానికి లేబుల్ అంటించిన ప్లాస్టిక్ క్యాన్ ఒకటి వేరుగా పెట్టాలి, అందులో ఆమ్లం పోయకూడదు. నిండాక ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. తెలంగాణలో దుండిగల్‌లో ఉంది, ఆంధ్రలో పరవాడలో ఉంది. 2016 నుంచి నియమాలూ ఉన్నాయి.

ఇకపై ప్రాక్టికల్స్‌కు వచ్చే ఎగ్జామినర్లకు ఒక విన్నపం. వైవాలో నెస్లర్ ఫార్ములా అడగకండి, అందరూ బట్టీ పట్టే వస్తారు. టెస్ట్ ట్యూబులోది ఎక్కడ పోశావు అని అడగండి. కుర్రాడు సింక్ చూపిస్తే మార్కులు కోసేయండి. "క్యాన్‌లో పోశాను సార్" అంటే మాత్రం, లేచి వెళ్లి ఆ క్యాన్ ఉందో లేదో చూడండి. లేకపోతే సున్నా వేయాల్సింది కుర్రాడికి కాదు.